బొగ్గునకు వంగు గీత బావికి వంగరాదా?

పోయిన మాసమున మంథని వైపు పల్లెనుండి యొక రైతు మా యింటికి వచ్చెను. చేతిలో పట్టాదారు పాసుపుస్తకము, చంకన నొక గుడ్డసంచి. సంచిలోనుండి యొక కాగితమును తీసి బల్లమీద పరచెను. ఎవరి ఫోనులోనుండియో అచ్చు తీయించిన పటమది. పల్లెల పేర్లు మసకబారి చదువ వీలులేకున్నవి. నడుమ నొక నల్లని గీత మాత్రము స్పష్టముగ నిలిచియున్నది. “వకీలు సాబ్, నా బాయి ఈ గీతల పోతదా, గీతకు అవతల మిగుల్తదా? జర చూసి చెప్పుండ్రి” అని యడిగెను.

మేము చూచితిమి, చెప్పలేకపోతిమి. ఆ పటములో వెండ్రుకవాసి గీత నేలమీద నొక వీధియంత వెడల్పుండును. ఇరువది సంవత్సరములుగా భూమి వ్యాజ్యములలో మునిగి తేలుచున్న మాకే యంతు చిక్కని సంగతి యొక కర్షకున కెట్లు తెలియును? ఆతడు మాకంటె ముందే యొక ప్రభుత్వ కార్యాలయమునకు పోయి యడిగెనట. “నోటిఫికేషన్ వచ్చినంక తెలుస్తది, పో” అని పంపివైచిరట.

నోటిఫికేషను వచ్చిన పిదప తెలిసి ప్రయోజనమేమి? ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట యను సామెత యుండనే యున్నది. ఇచట నా బావియే పోవుచున్నది.

ఆ గీత రామగుండము–మణుగూరు రైలుమార్గము. సుమారు 200 కిలోమీటర్ల పొడవు. కాజీపేట–బల్హార్షా మార్గముమీద పెద్దపల్లికిని రామగుండమునకును నడుమనున్న రాఘవాపురమున చీలి, మంథని, భూపాలపల్లి, మేడారము, తాడ్వాయి ప్రాంతముల మీదుగా గోదావరి దక్షిణతీరపు సీమలో సాగి మణుగూరు చేరవలెనని సంకల్పము. నేడు రామగుండమునుండి మణుగూరునకు రైలుమీద పోదలచినవాడు కాజీపేట, డోర్నకల్లు, కొత్తగూడెముల చుట్టు తిరిగి పోవలెను. భూపాలపల్లి గనుల బొగ్గు లారీల కెక్కి దారి పొడవునను దుమ్ము చల్లుచు పోవుచున్నది. భూపాలపల్లి జిల్లాలో గాని, ములుగు జిల్లాలో గాని రైలుకూత వినబడదు. రెండేండ్ల కొకమారు సమ్మక్క సారలమ్మల జాతరకు వచ్చు లక్షలాది జనము బస్సులలో, లారీలలో, కాలినడకను వచ్చి పోవుచున్నారు. కావున ఈ మార్గము రావలెను. వలదనువాడు ఈ సీమకు మిత్రుడు కాడు.

ఈ మాట ముందుగనే చెప్పుటకు కారణము కలదు. గీత మార్చుమని యడిగిన ప్రతివానిని అభివృద్ధి విరోధి యనుట నేటి వాడుక. 2011లో సకల జనుల సమ్మె 42 దినములు సాగినపుడు ఈ బల్హార్షా మార్గముమీదనే పట్టాలపై కూర్చున్నవారిలో మేము నొకరము. నాడు రైలును ఆపితిమి; నేడు రైలును రమ్మనుచున్నాము. రెండు వేళలను అడిగిన దొక్కటే: ఈ నేలమీద జరుగు కార్యములో ఈ నేలవారి మాటకు చోటుండవలెనని.

మొదట పేరు సంగతి చూతము. రామగుండము పేరు పెట్టుకొన్న ఈ మార్గము రామగుండమున మొదలిడదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల వాసన యన్నట్లు బొగ్గుసీమలో రైలు పేర్లకును రైలు దారులకును పొత్తు కుదురుట యరుదు. కొత్తగూడెమున నున్న స్టేషనునకు భద్రాచలము రోడ్డని పేరు; రామచంద్రుడు గోదావరి యావలి గట్టున నున్నాడు, ఆయనకు నేటికిని రైలు లేదు. గోదావరిఖని సంగతి యింతకంటె చోద్యము. అరువది యేండ్లకు పైబడి ఈ పట్టణము భూగర్భమునుండి బొగ్గును తోడి దక్షిణాపథమునకు వెలుగునిచ్చుచున్నది. బొగ్గు నింపుకొను వ్యాగనుల కొరకు పట్టాలు పట్టణపు టంచులవరకు వచ్చియున్నవి. ప్రక్కనున్న 2,600 మెగావాట్ల విద్యుత్కేంద్రమునకు బొగ్గు మోయుటకై వలయాకారమున నొక ప్రత్యేక రైలుమార్గమే యున్నది. కాని గోదావరిఖని పేరుగల ప్రయాణికుల స్టేషను లేదు. రాత్రి పాళీ దిగిన కార్మికుడు తల్లి దినకర్మకు పోవలెనన్నను రామగుండము స్టేషనుదాక ఆటో వెదకుకొనవలసినదే. బొగ్గునకు రైలుయోగము, బొగ్గు తీసినవానికి ఆటోయోగము!

ఇది ఒక్క ఊరి దురదృష్టము కాదు. భద్రాచలము రోడ్డునుండి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల మార్గము వేసిరి. 900 కోట్లకు మించిన వ్యయములో మూడింట రెండువంతులు సింగరేణి సంస్థ యిచ్చినది. 2022లో బొగ్గురైళ్లు నడువనారంభించినవి. ప్రయాణికుల బండి కొరకో, ప్రజలు మరల విన్నపములు వ్రాయవలసివచ్చెను. గీత గీయునపుడే మనిషిని తలంపనియెడల పట్టా పడిన పిదప తలంచువాడెవడు?

ఈ సీమలో రైలుదారిని గూర్చి ప్రశ్నించుట నేడు పుట్టిన వింత కాదు. హైదరాబాదు రాజ్యమున ఆధునిక ప్రజాభిప్రాయ మనునది మొట్టమొదట తల యెత్తినదే ఒక రైలుమార్గమును గూర్చి. అదియు మన యింటి ముందు నుండి పోవుచున్న ఈ మార్గమును గూర్చియే. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలారుజంగు గతించెను. రైలును సికింద్రాబాదునుండి వరంగల్లు వైపునకు, అచటినుండి యొక కొమ్మ బెజవాడకును ఒక కొమ్మ చాందాకును పొడిగింపవలెననియు, ఆ పని లండనులో మూలధనము కూర్చు నొక కంపెనీకి అప్పగింపవలెననియు, ఆ మూలధనముమీద వడ్డీకి నిజాము ఖజానా పూచీ పడవలెననియు ఏర్పాటు జరుగుచుండెను. లాభము వచ్చిన కంపెనీకి, రాకున్న నష్టము రైతు పన్నులకు. షరతులను ప్రజల ముందుంచుడు, చర్చింపనిండు అని యడిగిన కొందరు పెద్దలుండిరి. వారిలో ముఖ్యులు అఘోరనాథ చటోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము. ఒకరు బంగాళమునుండి వచ్చిన రసాయనశాస్త్ర పండితులు, ఒకరు ఇస్లామీయ విద్వాంసులు. వారు రైలు వలదనలేదు, తిరుగుబాటు చేయలేదు. లెక్కలు చూపుమనిరి. అంతే.

సర్కారు ఏమి చేసెను? లెక్కలు చూపుటకు మారుగా 1883 మే మాసమున చటోపాధ్యాయుల నుద్యోగమునుండి తొలగించి రాజ్యము వెలుపలికి పంపివైచెను. ఆయన కూతురు సరోజిని అప్పటికి నాలుగేండ్ల పసిబిడ్డ. కొంతకాలమునకు ఆయనను మరల రానిచ్చిరి; కాని అప్పటికి ఒడంబడిక ముగిసి కంపెనీ ఏర్పడిపోయెను. బెజవాడ కొమ్మ 1889 నాటికి పూర్తియైనది. చాందా కొమ్మ మాట? కాజీపేటనుండి బల్హార్షాకు పట్టాలు కలసినది 1929లో. ప్రశ్నించినవానిని ఊరు దాటించుటకు కొన్ని దినములు చాలెను. ఆ దారి వేయుటకు నలుబదియైదేండ్లు చాలలేదు. ప్రశ్నలవలన పనులు ఆలస్యమగు ననువారు ఈ లెక్కను గోడకు వ్రాసి పెట్టుకొందురు గాక.

గనుల కథయు నిట్టిదే. 1886లో ఈ రాజ్యపు ఖనిజ సంపదపై హక్కు నొక లండను కంపెనీకి ధారపోసిరి. వాటాల బేరములో సర్దారు అబ్దుల్ హఖ్ నడపిన వ్యవహారము రచ్చకెక్కి 1888లో ఆంగ్ల పార్లమెంటు దిగువ సభ యొక విచారణసంఘమును వేసెను. ఇల్లెందు బొగ్గును గూర్చి ఇల్లెందులో అడుగనీయని ప్రశ్నలను లండనులో అడిగిరన్నమాట! ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీసు అను పేరు దాల్చినది. 1930లో రైలును, 1945లో సింగరేణి వాటాలలో ఎక్కువ భాగమును సర్కారు కొనెను. నేడు సింగరేణిలో నూటికి 51 వంతులు రాష్ట్రమువి, 49 వంతులు కేంద్రమువి. రైలు సంపూర్ణముగ కేంద్రముది. లండను కంపెనీలు పోయినవి. యజమానులము మనమే యైతిమి. యజమానికి తన సొత్తు పటమును చూపుటకు గుమాస్తా సంకోచింప నేల?

ఇక అసలు విషయమునకు వత్తము. గీతను మార్చుట సాధ్యము కాదా? ఇంజనీర్లు గీచిన గీత వేదవాక్యమా?

కానేకాదు. బొగ్గు విషయమున వంగుచున్నది. రైలుమార్గమునకు 45 మీటర్ల దూరములోపల గని త్రవ్వరాదనియు, త్రవ్వదలచినచో గనుల భద్రతాధికారులనుండి ముందుగ వ్రాతమూలక మగు అనుజ్ఞ పొందవలెననియు బొగ్గుగనుల నిబంధనలు శాసించుచున్నవి. కారణము స్పష్టము: క్రింద బొగ్గు తీసిన చోట నేల క్రుంగును, పైనున్న పట్టా వంకరపోవును. కావున బొగ్గుపొరమీద పట్టా వేసినచో ఆ బొగ్గు భూమిలోనే చిక్కువడును. చిన్న లెక్క వేసి చూడుడు. పది కిలోమీటర్ల పట్టా బొగ్గునేల మీదుగా పోయినదనుకొందము. అటు 45, ఇటు 45 మీటర్లు, మొత్తము 90 మీటర్ల పట్టీ. క్రింద మూడు మీటర్ల మందముగల పొర యొక్కటియే యున్నను ఇరువదియేడు లక్షల ఘనమీటర్లు. ఘనమీటరునకు టన్నున్నర చొప్పున నలుబది లక్షల టన్నులు. గోదావరి లోయలో ఒకదాని క్రింద నొకటిగ పెక్కు పొరలున్నవి. ఇంత సంపదను ఏ గని యాజమాన్యము వదలుకొనును? కావుననే బొగ్గునేలమీద మార్గము వేయునపుడు ముందుగ గనులవారిని సంప్రదించుట పరిపాటి. వారు “ఇచట పొరలున్నవి, కొంచెము జరుపుడు” అందురు. గీత జరుగును. దాని కొరకు ధర్నాలు లేవు, లాఠీలు లేవు, అభివృద్ధి విరోధులను నింద లేదు.

అట్లు జరుపుట తప్పని మేమనము. జరుపకున్న నేమగునో ఝరియా సీమ చూపినది. ధన్‌బాదునుండి చంద్రపురాకు పోవు మార్గము క్రింద బొగ్గు మంటలు రగులుచున్నవని 2017 జూనులో ఆ మార్గమును మూసివేసిరి. 2019లోగాని మరల బండ్లు నడువలేదు. బొగ్గుమాట వినవలసినదే. కాని ఒక సంస్థ వ్రాసిన యుత్తరమునకు జరిగిన గీత ఒక రైతు వ్రాసిన యర్జీకి ఎందుకు జరుగదు? భూమిలో నిద్రించు బొగ్గునకు ముందస్తు సంప్రదింపు, భూమిమీద మేలుకొనియున్న మనిషికి నోటిఫికేషను తరువాతి సమాచారము. ఇదియెక్కడి న్యాయము?

బావి యనగా నగరవాసికి గోతిలో నీరు. మంథని వైపు రైతునకు అది మూడు తరముల చెమట. తాత త్రవ్వెను, తండ్రి రాతికట్టు కట్టెను, కొడుకు మోటారు దింపెను. రైలుకట్ట పొలమును అడ్డముగ కోసినచో బావి యొకవైపు, మడి యొకవైపు. కట్టక్రింది దారి యెక్కడో ఉండును. ఎద్దునకు, ట్రాక్టరునకు చుట్టు తిరుగుడు. కట్ట కాలువను మూసినచో పై చెరువు నిండి క్రింది చెరువు ఎండును. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువుల దేశమిది. ఇచట నీటి దారి యొకచోట తెగిన మరియొక యూరి పంట పోవును. భూమి రెండుగ చీలుటవలని నష్టమును గూడ పరిహారములో లెక్కింపవలెనని రైల్వే చట్టమే చెప్పుచున్నది. కాగితముమీద చక్కగ నున్నది. కోర్టులో ఆ నష్టమును రుజువు పరచుట యెంత కష్టమో మేమెరుగుదుము. ఒక వ్యాజ్యములో ఎండిన బావి రైలుకట్టకు ముందే యెండెనా, తరువాత నెండెనా యను ప్రశ్నమీద నాలుగేండ్లు గడచినవి. ఆ లోపల కక్షిదారుడు కాలము చేసెను.

చట్టముమాట వచ్చినది గనుక పాఠకులకు దాని నడకను విప్పి చెప్పుట మా విధి. ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుల కొరకు భూమి తీసికొను విధానమును 2008లో సవరణ చేసి రైల్వే చట్టములో చేర్చిరి. 20ఎ సెక్షను క్రింద భూమి తీసికొనదలచితిమని గెజెటులో ప్రకటింతురు. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో అచ్చొత్తింతురు. వానిలో నొకటి దేశభాషా పత్రిక కావలెను. ప్రకటించిన దినమునుండి 30 దినములలోపల 20డి సెక్షను క్రింద వ్రాతమూలకముగ ఆక్షేపణ యిచ్చుకొనవచ్చును. స్వయముగ గాని వకీలు ద్వారా గాని విన్నవించుకొనవచ్చును. ఆ యధికారి యిచ్చు నుత్తరువు అంతిమము. ఆపైని 20ఇ క్రింద మరియొక ప్రకటన. అది వెలువడినంతనే భూమి సకల బాధ్యతలనుండి విముక్తమై కేంద్రప్రభుత్వమునకు సంక్రమించును. మొదటి ప్రకటన వెలువడిన యేడాదిలో ఈ రెండవది రాకున్న మొదటిది రద్దగును.

ఇందలి కిటుకు గ్రహింపుడు. 30 దినములలో ఆక్షేపణ వినునట్టి యధికారి భూసేకరణాధికారి. రైలుగీత గీచినవాడు ఆతడు కాడు. “అయ్యా, గీతను రెండు ఫర్లాంగులు జరుపుడు” అని మొరపెట్టినచో, “సర్వే నిర్ణయము నా చేతిలో లేదు, రైల్వేవారి నడుగుడు” అనును. రైల్వేవారి నడిగినచో, “భూసేకరణ సాగుచున్నది, ఆక్షేపణ లచటనే యిండు” అందురు. ఇరువురి మాటయు నిజమే! ఇరువురి నడుమ రైతు సర్వే నంబరు మాత్రము మాయమగుచున్నది. కావుననే మేమనుచున్నది: గీతను గూర్చి యడుగవలసిన కాలము 20ఎ ప్రకటనకు పూర్వము. తుది సర్వే పటము కాగితముమీద నుండగానే అది ప్రజల చేతికి రావలెను. ప్రకటన వెలువడిన పిమ్మట వాదించునది ధరను గూర్చి మాత్రమే. దారిని గూర్చి కాదు.

దారి మార్చుమని యడిగినవారము మేమే మొదటివారమా? 2024లో డోర్నకల్లునుండి మిర్యాలగూడ వైపు తలపెట్టిన మార్గము తమ పంటభూముల మీదుగా పోవుచున్నదని ఖమ్మము జిల్లా రైతులు కదలిరి. దారి మార్చుమని వారి పక్షమున ప్రజాప్రతినిధులు రైల్వే వారికి విన్నవించిరి. వారి గొంతు ఢిల్లీకి వినబడవచ్చును గాని మంథని గొంతు, తాడ్వాయి గొంతు వినబడరాదా? మంథని ఊరుపేరు లేని పల్లె కాదు. వేదఘోషకు పేరుపడిన పురాతన విద్యాస్థానము. దేశమునకు ప్రధానమంత్రియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారిని శాసనసభకు పంపిన నియోజకవర్గము. ఆ ఊరిని రైలు నేటికిని తొక్కలేదు.

మమ్ము నెదిరించువారి వాదములను మరుగుపరుప దలచలేదు. ఇంజనీరు చెప్పు మాటలో బలమున్నది. బొగ్గురైలు ఒక్కొక్కటి నాలుగువేల టన్నులకు దగ్గరగ మోయును. వంపు హెచ్చినను, ఎత్తు హెచ్చినను ఇంజను శక్తి చాలదు. పది కిలోమీటర్లు చుట్టు తిరిగినచో ఆ పది కిలోమీటర్ల కర్చు నేడొక్కమారుతో పోదు. నూరేండ్లు ప్రతి రైలునకు పడుచుండును. నిజమే. గోదావరిఖనిని కలుపుకొని పోవుట కొక చిక్కు గూడ నున్నది: ఆ చుట్టుపట్ల నేల క్రింద కొంత డొల్ల, కొంత ఉపరితల గనుల గోతులు. ఒకవేళ పట్టా అచట వేయుట ప్రమాదమే కావచ్చును. అట్లయిన ఏ సర్వే నంబరులో ఏ గని పొర యున్నది, ఎచట క్రుంగుడు భయమున్నది, తెలుగులో వ్రాసి చూపుడు. చూచి ఒప్పుకొందుము. ప్రధాన గీత జరుగుటకు వీలు లేనిచో, పట్టణపు టంచువరకు వచ్చియున్న బొగ్గుపట్టాలలో నొకదానిని ప్రయాణికులకు తెరచి యొక స్టేషను కట్టుటకు ఏమడ్డమో యది చెప్పుడు. “వీలు కాదు” అను రెండు మాటలు కారణము కాజాలవు.

రెండవ వాదము ఆలస్యమును గూర్చినది. అడిగినచో మార్గమే రద్దగును, వచ్చు లక్ష్మిని కాలదన్నకుడు అని కొందరు మిత్రులు బెదరించుచున్నారు. పెద్దపల్లి–కరీంనగరము–నిజామాబాదు మార్గమునకు 1993లో శంకుస్థాపన జరిగెను. 177 కిలోమీటర్లు ముగియుటకు 2017 వచ్చెను. ఆ యిరువదినాలుగేండ్లు గీత మార్చుమన్న రైతువలన పోయినవా? యేటేట చుక్కచుక్కగ విదిలించిన నిధులవలన పోయినవి. గోవాలో కొంకణ రైలుమార్గపు కథ యింకను విలువైనది. ఆ గీత సముద్రతీరపు పల్లపు పొలములను, ప్రాచీన కట్టడములను చెరచునని, దానిని తూర్పునకు జరుపుమని 1990 దాటిన తొలి యేండ్లలో ప్రజలు లేచిరి. కేంద్రము 1993లో ఆ భాగమున పని నిలిపి జస్టిస్ ఓఝాను విచారణకు నియమించెను. విచారణ జరిగినది, తీర్పు చాలవరకు రైల్వే పక్షముననే వచ్చినది, ప్రజలు కోరిన మార్పు దక్కలేదు. అయినను 1998 జనవరి నాటికి కొంకణ రైలు నడచెను. ఓడిన కథను చెప్పుచున్నాడేమి యని మీరనుకొందురేమో. ఓడినను వారిమాట విన్నారు. వినుటవలన రైలు ఆగిపోలేదు. మేమడుగునదియు ప్రథమమున అంతియే.

అడవి సంగతి వేరుగ చెప్పవలెను. తాడ్వాయి, ఏటూరునాగారము ప్రాంతము కోయల నివాసము, వన్యమృగముల నెలవు. షెడ్యూలు ప్రాంతములలో ప్రాజెక్టులకు భూమి తీసికొనుటకు పూర్వము గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెనని 1996 నాటి పీసా చట్టము నిర్దేశించినది. సంప్రదించుట యనగా సంతకముల పుస్తకము త్రిప్పుట కాదు. అడవిలో ఇదివరకే రహదారి కోసిన చీలిక యున్నది. పట్టా దాని ప్రక్కగ పోగలదా, లేక క్రొత్తగ నింకొక చీలిక కోయుట తప్పదా యని గ్రామసభలో పటము పరచి యడుగవలెను. కోయ పెద్దకు నేల వాలు, వాగు పొంగు, మృగము నడచు త్రోవ ఏ సర్వే యంత్రమునకును తెలియనంతగ తెలియును. మేడారమునకు స్టేషను వచ్చునని మనము సంబరపడుచుండగా, ఆ స్టేషను చుట్టును నేల యెవరి చేతికి పోవునను భయము వారికున్నది. గిరిజనభూమి అన్యుల పాలు కారాదని 1970 నాటి శాసనము కాగితములపై సజీవముగనే యున్నది.

రాష్ట్రప్రభుత్వమువారు ఇది కేంద్రపు సంగతియని తప్పించుకొనజాలరు. భూమి కొలచువారు రాష్ట్రపు రెవెన్యూ యుద్యోగులు. బొగ్గు సంస్థలో పెద్దవాటా రాష్ట్రముది. సింగరేణి వ్రాసినచో రైల్వేవారు వినెదరన్న సంగతి పైన చూచితిమి. ఆ సింగరేణిచేత గోదావరిఖని కొరకు, మంథని బావుల కొరకు గూడ నొక యుత్తరము వ్రాయించుట రాష్ట్రమువారికి అసాధ్యమా? సంస్థ బొగ్గును గూర్చి మాత్రమే మాటలాడి, ఆ బొగ్గును తీసిన జనమును గూర్చి మౌనము వహించుట మాకు నచ్చదు.

కావున మహజరు సిద్ధమైనది. రైల్వే బోర్డునకును, సికింద్రాబాదులోని దక్షిణ మధ్య రైల్వే నిర్మాణశాఖకును, రాష్ట్రప్రభుత్వమునకును, దారి పొడవునగల కలెక్టర్లకును పోవలసినది. అందులో అడిగినవి కొద్దియే. తుది సర్వే పటమును సర్వే నంబర్లతో తెలుగులో అచ్చొత్తించి ప్రతి గ్రామపంచాయతీ గోడకు అంటింపవలెను. 20ఎ ప్రకటనకు పూర్వము మంథనిలో, భూపాలపల్లిలో, తాడ్వాయిలో, మణుగూరులో గీచిన ఇంజనీర్లే కూర్చుండి బహిరంగముగ ప్రజల మాట వినవలెను. బావులున్నచోట, చెరువు కాలువలున్నచోట గీత జరుగునో జరుగదో, జరుగనిచో ఏ కారణముననో, కోరినవానికి వ్రాసి యియ్యవలెను. గోదావరిఖనికి స్టేషను సంగతి ఈ సర్వేలోనే తేల్చవలెను.

మహజరు ప్రతులు గోదావరిఖని, ఎన్టీపీసీ, సెంటినరీ కాలనీ, మంథని గ్రంథాలయములలో సంతకములకై యుంచబడినవి. ఆదివారము సాయంకాలము వరకు అచట నుండును. భూమి గలవారు సంతకము క్రింద సర్వే నంబరు తప్పక వ్రాయవలెను. నంబరు లేని సంతకమును కచేరీలలో గుంపులో గోవిందగా త్రోసివేయుదురు. సంతకము రానివారు వేలిముద్ర వేయవచ్చును, ప్రక్కన సాక్షి యుండవలెను. బావి గలవారు దాని లోతును, త్రవ్విన సంవత్సరమును, ఇప్పటి నీటిమట్టమును గుర్తించి యొక ఛాయాచిత్రముతో జతపరుపవలెను. నేడు వ్రాసి పెట్టిన నీటిమట్టము రేపు కోర్టులో నోరు గల సాక్షి యగును. మా యింటికి వచ్చిన రైతు మొదటి సంతకము చేసి పోయినాడు. ఆతని బావి లోతు పదునాలుగు గజములు.